పట్టూ విడుపూ

ఒకే స్వరాన్ని వెంటవెంటనే నాలుగుసార్లు పలికించాల్సిన చోట ఆ పాపకి మూడే పలుకుతున్నాయి. మధ్యలో ఒకటి పియానో మింగేస్తోంది. "మణికట్టు వదులు చెయ్యమ్మా, వేలు తేలిగ్గా ఉంచు" అని ఒక వారం చెప్పాను. రెండో వారం గొంతు పెంచాను. "ఇంట్లో బాగానే వస్తోంది టీచర్" అంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే. వాళ్ళింట్లో ఉన్నది డిజిటల్ పియానో. నా దగ్గరున్నది నిలువు పెట్టెలాంటి పాత అప్‌రైట్. పదకొండేళ్ళ పిల్ల సాకు చెబుతోందనుకున్నాను.

తర్వాతి నెల ట్యూనర్ గారు వచ్చారు. సికింద్రాబాద్‌లో నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న పెద్దాయన. ముందు పలక తీసి, టార్చి వేసి, "ఇదిగోనమ్మా, చూడండి" అన్నారు. పాప తడబడుతున్న సరిగ్గా ఆ స్వరం దగ్గర, సుత్తిని వెనక్కి లాగే చిన్న గుడ్డ నాడా తెగి వేలాడుతోంది. దానికి తోడుగా ఉండాల్సిన సన్నటి స్ప్రింగు కూడా విరిగింది. సుత్తి తిరిగొచ్చేలోపే పాప వేలు మళ్ళీ దిగుతోంది. వేలు చేసిన తప్పేమీ లేదు.

ఈ అధ్యాయం నేను ఆ పాపకి బాకీ పడ్డది. ఇప్పటిదాకా సాధన అంటే కూర్చునే తీరు, వేళ్ళు, వినికిడి అని మాట్లాడుకున్నాం. కానీ వేలికీ శబ్దానికీ మధ్య ఒక యంత్రం ఉంది. అది ఎలా పనిచేస్తుందో తెలియకపోతే దాని లోపాన్ని మన లోపం అనుకుంటాం, మన లోపాన్ని దాని మీదకి నెట్టేస్తాం. రెండూ సాధనని పాడుచేసేవే. నలభై ఏళ్ళు దాటాక ముచ్చటపడి పియానో మొదలుపెట్టి, "నా వేళ్ళు బిగుసుకుపోయాయండీ, ఇక రాదు" అని మానేసిన వాళ్ళని చూశాను. అందులో ఒకరి ఇంటికి వెళ్ళి వాయించి చూస్తే, మెట్లు నా వేళ్ళకీ బిగుసుకుపోయే ఉన్నాయి.

మెట్టు అన్నది హార్మోనియం మాస్టార్ల మాట. పిల్లలు కీ అంటారు. బహువచనంలో కీలు అని రాస్తే మనకి తలుపు కీలో, మోకాలి కీలో గుర్తొస్తుంది. అందుకని మెట్టు అనే రాస్తాను.

ముందుగా ఒక చిన్న పని చెయ్యండి. మీ ఇంట్లో లేకపోతే చర్చిలోనో, స్కూల్లోనో ఉన్న అప్‌రైట్ దగ్గర అనుమతి అడిగి చెయ్యండి. పైమూత ఎత్తితే ముందు పలకని పట్టి ఉంచే రెండు తిప్పుడు గడియలు లోపల కనిపిస్తాయి. వాటిని తిప్పి పలక దించండి. బరువుంటుంది, ఇంకొకరి సాయం తీసుకోండి. లోపల వరసగా 88 సుత్తులు. తెల్ల మెట్లకి 52, నల్ల మెట్లకి 36. ఇప్పుడు మధ్యలో ఒక మెట్టు మీద వేలు పెట్టి, చంటిపిల్ల నిద్ర లేవకుండా తలుపు మూసినంత నెమ్మదిగా కిందికి నొక్కండి. కళ్ళు సుత్తి మీద ఉండాలి.

సుత్తి తీగ వైపు కదులుతుంది. దగ్గరవుతుంది. ఇంకో 3 మిల్లీమీటర్లలో తగులుతుందనగా ఆగి, చటుక్కున వెనక్కి పడిపోతుంది. శబ్దం రాదు.

మొదటిసారి చూసినవాళ్ళు పియానో పాడైందనుకుంటారు. పాడవలేదు. పియానో అన్నదే ఆ 3 మిల్లీమీటర్లలో ఉంది. గుడిలో గంట నాలుకని గంటకి ఆనించి పట్టుకుంటే మోగుతుందా? కొట్టి వదిలేస్తేనే మోగుతుంది. సుత్తి కూడా అంతే. మెట్టు దాన్ని చివరిదాకా తోసుకుంటూ పోతే తీగకి అతుక్కుని శబ్దాన్ని అక్కడే చంపేస్తుంది. అందుకని మెట్టు సుత్తిని కొంత దూరమే మోసి, ఊపునిచ్చి, చివర్లో చెయ్యి వదిలేస్తుంది. మిగతా దూరం సుత్తి తన ఊపుతో తను ఎగిరి కొట్టి వెనక్కొస్తుంది. మనుషుల మధ్య మనం వాడే పట్టువిడుపులు అన్న మాట ఈ యంత్రానికి అక్షరాలా సరిపోతుంది.

ఈ విడుపుని పట్టుకున్నవాడు ఇటలీలోని పడువా ఊరివాడు, బార్తొలొమేయో క్రిస్తోఫోరి. ఫ్లారెన్స్‌లో మెడిచి రాకుమారుడి దగ్గర వాద్యాల పని చూసేవాడు. 1700 నాటి ఆ కొలువు సామాన్ల పట్టికలోనే అతని కొత్త వాద్యం ప్రస్తావన ఉంది. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో ఈక మొనతో తీగని మీటేవారు. గట్టిగా నొక్కినా మెల్లిగా నొక్కినా శబ్దం దాదాపు ఒకటే. క్రిస్తోఫోరి ఈక తీసి సుత్తి పెట్టాడు. సుత్తి పెట్టగానే విడుపు సమస్య వచ్చింది, దాన్నీ తీర్చాడు. మెల్లిగానూ గట్టిగానూ పలుకుతుంది కాబట్టే ఇటాలియన్‌లో ఆ అర్థాలిచ్చే పియానో, ఫోర్తే అన్న మాటలతో దాన్ని పిలిచారు. అతను చేసిన వాటిలో మూడు ఇప్పటికీ ఉన్నాయి. 1720లో చేసినది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మళ్ళీ మన అప్‌రైట్ దగ్గరికి వద్దాం. మెట్టు అంటే మీకు కనిపించే తెల్ల ముక్క కాదు, లోపలికి పొడుగ్గా సాగిన చెక్క. మధ్యలో ఒక పిన్ను మీద ఏతంలా తూగుతుంది. ముందు చివర సుమారు 10 మిల్లీమీటర్లు దిగితే, వెనక చివర లేస్తుంది. లేచిన చివరన ఉన్న చిన్న బొడిపె, పైనున్న విప్పెన్ అనే అడ్డకొయ్యని ఎత్తుతుంది. విప్పెన్ మీద నిలబడి ఉండే జాక్ అనే పుల్ల సుత్తి మొదలుని నెడుతుంది. సుత్తి బయలుదేరుతుంది. మెట్టు సగం దిగేసరికి విప్పెన్ వెనక ఉన్న చెంచా ఆకారపు తీగ, డ్యాంపర్‌ని తీగల మీంచి పక్కకి జరుపుతుంది. డ్యాంపర్ అంటే తీగ మోగకుండా నొక్కి ఉంచే ఫెల్టు దిండు. సుత్తి తీగకి 3 మిల్లీమీటర్ల దూరానికి రాగానే జాక్ మడమ ఒక గుండీకి తగిలి, జాక్ పక్కకి ఒరిగిపోతుంది. విడుపు అదే. సుత్తి కొట్టి వెనక్కొచ్చేటప్పుడు మళ్ళీ ఎగిరి రెండోసారి కొట్టకుండా బ్యాక్‌చెక్ అనే ఫెల్టు అంటించిన దిమ్మ దాన్ని పట్టుకుంటుంది. మీరు మెట్టు వదిలాక స్ప్రింగూ గుడ్డ నాడా సుత్తిని ఇంటికి చేరుస్తాయి, జాక్ మళ్ళీ దాని కిందకి దూరుతుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది.

ఇందులో సాధనకి పనికొచ్చేది ఒకటుంది. జాక్ ఒరిగిన క్షణం తర్వాత సుత్తి మీ మాట వినదు. ఎంత వేగంతో వదిలారో ఆ వేగంతోనే కొడుతుంది. మెట్టు అడుక్కి చేరాక ఇంకా బలంగా నొక్కి ఉంచితే శబ్దం వెంట్రుకవాసి కూడా మారదు, మీ ముంజేయి మాత్రం నొప్పెడుతుంది. గంట సాధన తర్వాత చేతులు బరువెక్కుతున్నాయని చెప్పే వాళ్ళలో చాలామందిని గమనించాను, ఇలా అడుగున నొక్కుతూ ఉండేవాళ్ళే. మెట్టు నిలిపి ఉంచడానికి దాని మీద వేలు ఆనితే చాలు. పైన చెప్పిన నెమ్మది ప్రయోగం పిల్లల చేత ఒక్కసారి చేయించండి. "వదులుగా వాయించు" అని వందసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

గ్రాండ్ పియానోలో తీగలు పడుకుని ఉంటాయి, సుత్తి కింది నుంచి పైకి కొడుతుంది. తిరిగి రావడానికి స్ప్రింగు అక్కర్లేదు, తన బరువుతో తనే పడుతుంది. దానికి తోడు 1821లో ఎరార్ కంపెనీ పేటెంట్ తీసుకున్న ఏర్పాటొకటి ఉంది. స్ప్రింగున్న ఒక అదనపు మీట సుత్తిని కొంచెం పైనే పట్టి ఉంచుతుంది, ఆ సందులో జాక్ వెనక్కి దూరిపోతుంది. దాంతో మెట్టు పూర్తిగా పైకి రాకముందే, సగంలోనే మళ్ళీ కొట్టొచ్చు. అప్‌రైట్‌లో ఆ మీట లేదు. మెట్టు దాదాపు పైదాకా రావాలి. కాబట్టి ఒకే స్వరం చకచకా వచ్చే చోట అప్‌రైట్ మీద తడబడితే, ముందు వేలు పూర్తిగా లేపుతున్నారా చూడండి. లేపినా రాకపోతే అప్పుడు నాడా, స్ప్రింగు, జాక్. నేను ఆ పాప విషయంలో ఈ రెండో అంచె దాకా వెళ్ళలేదు. నాడా, స్ప్రింగు మార్చాక ఆ అమ్మాయి కూర్చున్న మొదటిసారే నాలుగూ పలికాయి. తన దగ్గర తప్పు ఒప్పుకున్నాను. "పర్లేదు టీచర్" అని, లోపలికి తొంగి చూసి, "ఇంత చిన్న రిబ్బనా!" అంది.

వానాకాలం రాగానే

హైదరాబాద్‌లో మే నెలలో గాలి పొడిబారి, జులైకల్లా తేమతో బరువెక్కుతుంది. విశాఖ, కాకినాడల్లో ఏడాది పొడుగునా తేమే, పైగా ఉప్పుగాలి. పియానోలో చెక్క ఉంది, ఉన్ని ఫెల్టు ఉంది, గుడ్డ ఉంది, తోలు ఉంది. ఈ నాలుగూ తేమని పీల్చుకునేవే. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే పియానోకి హాయి. కొన్ని వందల రూపాయలకి దొరికే తేమ మీటరు కొని పియానో మీద పెట్టుకోండి. పియానో కొన్నవాళ్ళకి నేను ఇచ్చే మొదటి సలహా అదే.

జులైలో వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: నొక్కిన మెట్టు పైకి రావడం లేదు. ఇక్కడ తొందరపడకూడదు. మెట్టు నొక్కి వదిలి, లోపల సుత్తిని చూడండి. సుత్తి ఇంటికి చేరింది, మెట్టు మాత్రం కిందే ఉంది అంటే లోపం మెట్టు దగ్గర. మెట్టు చెక్కలో పిన్ను దూరే రంధ్రానికి గుడ్డ అస్తరు ఉంటుంది, అది ఉబ్బి పట్టేసింది. మెట్టుని పక్కలకి మెల్లగా ఊపి చూడండి. కాగితం మందమంత కదలిక ఉండాలి. బొత్తిగా లేకపోతే బిగుసుకున్నట్టే. సుత్తే తీగ దగ్గర వేలాడుతూ నిద్రమత్తులో ఉన్నట్టు వెనక్కొస్తోంది అంటే లోపం పైన, కీలు దగ్గర. సుత్తి తిరిగే కీలులో సుమారు 1.3 మిల్లీమీటర్ల మందమున్న పిన్ను గుడ్డ అస్తరులో తిరుగుతుంది. ఆ అస్తరు తేమ తాగితే కీలు బిగుస్తుంది. రెండింటికీ మందు వేరు. కింది లోపాన్ని ట్యూనరు ఒక ప్రత్యేకమైన పట్టకారుతో గుడ్డని నొక్కి నిమిషంలో సరిచేస్తాడు. పైదానికి పిన్ను తీసి, రంధ్రం సవరించి, కొత్త పిన్ను వెయ్యాలి.

ఈ తేడా తెలియక చేసే పని నూనె వెయ్యడం. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏదైనా సరే వెయ్యకండి. వేసిన రోజు మెట్టు గాలిలో తేలినట్టు ఆడుతుంది. తర్వాత గుడ్డ నూనె పీల్చుకుని ఉబ్బుతుంది, దుమ్ము పట్టి జిగురవుతుంది, పక్క కీళ్ళకీ పాకుతుంది. "ఎలుక కొరికిన పియానోనైనా బాగుచేస్తానమ్మా, నూనె తాగిన పియానో నా వల్ల కాదు" అంటారు మా ట్యూనర్ గారు. ఒకరింట్లో 88 సుత్తులకీ కీళ్ళు మార్చాల్సి రావడం నేను కళ్ళారా చూశాను. కారణం ఒక్క చిన్న నూనె సీసా.

వానాకాలంలో అప్‌రైట్ కింది భాగంలో చిన్న బల్బు వెలిగించి ఉంచడం పాత అలవాటు. వేడికి తేమ ఆరుతుంది. కానీ ఇప్పుడు అందరిళ్ళలో ఉన్న ఎల్ఈడీ బల్బులకి ఆ వేడి రాదు, ఊరికే వెలుగుతాయి. పాత బల్బు పెడితే చెక్కకీ గుడ్డకీ దగ్గరలో నిప్పు పెట్టుకున్నట్టే. పియానోల కోసమే చేసిన సన్నటి హీటర్ కడ్డీలు దొరుకుతాయి, అవి మేలు. ఏసీ గాలి సూటిగా తగిలే చోట, కిటికీ పక్క, వంటింటి గోడకి ఆనించి పియానో పెట్టకండి. ఎండాకాలంలో ఇందుకు తలకిందులైన బాధలు వస్తాయి. మెట్లు గలగలలాడతాయి, స్క్రూలు వదులవుతాయి, తీగలు చుట్టిన పిన్నులు పట్టు తప్పి శ్రుతి దిగుతుంది. ఆ పిన్నుల జోలికి మాత్రం మీరు వెళ్ళకండి. 230కి అటూ ఇటూ తీగలు కలిసి ఇనుప చట్రం మీద 18 నుంచి 20 టన్నుల లాగుడు పెడుతుంటాయి.

బిగుసుకున్న ప్రతి మెట్టూ తేమవల్లే కాదు. ఒక దసరా తర్వాత ఒకరింటికి వెళ్ళాను. పక్కపక్కన రెండు మెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని దిగుతున్నాయి. టార్చి వేస్తే సందులో ఒక అక్షింత. ఆయుధపూజ రోజు వాద్యానికి పసుపు, కుంకుమ, అక్షింతలు వేశారు, మెట్ల మీద మూత తెరిచే ఉంచి. భక్తి మంచిదే. మూత వేసి, దాని మీద గుడ్డ పరిచి పూజ చేసుకోండి. బియ్యపు గింజని సన్నటి ప్లాస్టిక్ పుల్లతో పైకి లాగొచ్చు. రూపాయి బిళ్ళలు, పెన్సిలు ముక్కలు, జడపిన్నులు పడితే మెట్టు తీయాల్సి వస్తుంది. అది తెలిసినవాళ్ళు చేస్తేనే మంచిది. సూది, పిన్నీసు పెట్టి కెలికితే కిందికి ఇంకా దిగుతాయి.

ఇక ఎలుక. అప్‌రైట్‌లో పెడల్స్ బయటికొచ్చే సందు దాని సింహద్వారం. మెట్ల కింద వెచ్చగా, చీకటిగా, మెత్తటి ఫెల్టుతో గూడు కట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. మెట్ల కింది ఫెల్టు పోతే ఆ మెట్టు ఎత్తు మిగతావాటితో కలవదు. చిమ్మెట ఫెల్టు తిన్నా అంతే. కింది పలక తీసి ఏడాదికి రెండుసార్లు టార్చి వేసి చూడండి. నాఫ్తలీన్ ఉండలు వేయాలనుకుంటే గుడ్డ మూటకట్టి అడుగున ఒక మూల పెట్టండి, మెట్ల మధ్య దొర్లించకండి.

లోపం కాని లోపాలు కూడా రెండు చెప్పాలి. కుడి చివరి స్వరాలు మెట్టు వదిలాక కూడా మోగుతున్నాయని కంగారుపడి ఫోన్ చేస్తారు. ఆ చివరి ఒకటిన్నర సప్తకం తీగలు పొట్టివి, వాటి మోత తనంతట తనే ఆరిపోతుంది కాబట్టి డ్యాంపర్లే పెట్టరు. మధ్యలో ఒక్క స్వరం ఆగకుండా మోగితే మాత్రం అది డ్యాంపర్ లోపమే. రెండోది, ఏదో ఒక స్వరం దగ్గర జుయ్యిమని వినిపించే మోత. ముందు పియానో మీద పెట్టిన పెళ్ళి ఫొటో, కొండపల్లి బొమ్మ, పూలకుండీ తీసి కింద పెట్టి మళ్ళీ వాయించండి. పూలకుండీ అయితే తిరిగి పెట్టకండి. దాన్లో నీళ్ళు ఒలికితే ఆ పియానో పని ఆ రోజుతో సరి.

మెట్టు బరువు గురించి కూడా తగువులొస్తుంటాయి. మామూలుగా మధ్య మెట్టు కదలడానికి సుమారు 50 గ్రాములు కావాలి. పది రూపాయల బిళ్ళ 7.7 గ్రాములుంటుంది. ఏడు బిళ్ళలు దొంతరగా పేర్చి టేపు చుట్టండి, 54 గ్రాములయ్యాయి. టేపు తప్పనిసరి, లేకపోతే బిళ్ళలు ఎక్కడికి పోతాయో పైన చెప్పాను. కుడి పెడల్ తొక్కి ఉంచి, మెట్టు ముందంచున ఈ దొంతర పెట్టి, పియానోని మెల్లగా తట్టండి. మెట్టు నింపాదిగా దిగాలి. అంకె కంటే పోలిక ముఖ్యం. పక్క మెట్టు దిగి ఇది దిగకపోతే, తేడా మీ వేలిలో లేదని తేలిపోయింది.

చాలా ఇళ్ళలో ఏటా ట్యూనింగ్‌కి డబ్బు పెడతారు, యాక్షన్‌కి, అంటే మెట్టు నుంచి సుత్తి దాకా ఉన్న ఈ యంత్రానికి, ఎప్పుడూ పెట్టరు. నాకు బాధ కలిగించే సంగతి ఇది. ట్యూనింగ్ తీగల శ్రుతికి. మెట్టు లోతు, విడుపు దూరం, బ్యాక్‌చెక్ పట్టు సరిచేయడాన్ని రెగ్యులేషన్ అంటారు. అది వేరే పని, ఒక పూటలో అయ్యేది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఫెల్టు అణిగి, మెట్టుకీ సుత్తికీ మధ్య ఖాళీ వస్తుంది. మెట్టు కదలడం మొదలెట్టగానే సుత్తీ కదలాలి. మెట్టు కొంత దిగాకే సుత్తి కదిలితే ఆ మొదటి కొంచెం వృథా. మెల్లగా వాయించాల్సిన చోట స్వరాలు ఎగిరిపోయేది అందుకే. పిల్లలు దాన్ని తట్టుకోవడానికి ప్రతిదీ గట్టిగా కొట్టడం నేర్చుకుంటారు. ఆ అలవాటు తర్వాత ఎంత మంచి పియానో ఇచ్చినా పోదు.

తీగ లేని పియానో

డిజిటల్ పియానోలో తీగా లేదు, ఫెల్టు సుత్తీ లేదు. అయినా మెట్టు నొక్కితే లోపల ఒక బరువు లేస్తుంది, అసలు పియానో బరువు వేలికి తెలియడానికి. మంద్రం వైపు బరువెక్కువ, తారం వైపు తక్కువ పెడతారు. శబ్దం పుట్టేది మాత్రం వేరే దారిలో. మెట్టు కింద రబ్బరు బుడిపె, దాని లోపల రెండు నల్లటి కార్బన్ బిళ్ళలు, వాటి కింద సర్క్యూట్ బోర్డు. ఒక బిళ్ళ ముందు తాకుతుంది, రెండోది వెంటనే తాకుతుంది. యంత్రం కొలిచేది మీ బలాన్ని కాదు, ఈ రెండు తాకిళ్ళ మధ్య పట్టిన కాలాన్ని. కాలం తక్కువైతే గట్టి శబ్దం, ఎక్కువైతే మెత్తటి శబ్దం. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో దాన్ని 1 నుంచి 127 వరకు అంకెగా రాస్తారు. క్రిస్తోఫోరి సుత్తికీ ఇదే సూత్రం. అక్కడా లెక్కలోకొచ్చేది వదిలినప్పటి వేగమే.

ఈ సంగతి తెలిస్తే లోపాలు వాటంతట అవే విడిపోతాయి. ఎంత మెల్లగా నొక్కినా ఒక్క స్వరం మాత్రం కేకలా వస్తోందంటే, ఒక బిళ్ళకి దుమ్ము పట్టి యంత్రం కాలాన్ని తప్పుగా లెక్కేస్తోంది. అసలు పలకకపోయినా సాధారణంగా అదే కారణం. అలా కాకుండా ఒక లెక్క ప్రకారం, వరుసలో సమాన దూరంలో ఉన్న మెట్లు కొన్ని మూగబోతే అది బిళ్ళల తప్పు కాదు, బోర్డుదో పట్టీ వైరుదో. మెట్టు దిగినప్పుడు చెక్క మీద కొట్టినట్టు టకటకమంటే, బరువు వచ్చి ఆగే చోట ఉన్న ఫెల్టు పట్టీ అరిగింది. మెట్టు జావలా వాలిపోయి లేవకపోతే లోపల ప్లాస్టిక్ విరిగింది. ఫోన్లో మిడి అంకెలు చూపించే ఉచిత యాప్ పెట్టుకుని, వైరుతో కలిపి, మెట్లన్నీ ఒకే తీరుగా నొక్కుతూ పోండి. 60 దగ్గర్లో నడుస్తున్న అంకె ఒక మెట్టు దగ్గర ఉన్నట్టుండి 127 అయితే దొంగ దొరికినట్టే.

రబ్బరు పట్టీలు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక పెట్టడం చేతివాటం ఉన్నవాళ్ళు చేసుకోగలిగిన పనే, వారంటీ అయిపోయాక. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులో జిగురు పదార్థాలుంటాయి.

కానీ పెట్టె విప్పేముందు మూడు చూడండి. హెడ్‌ఫోన్ పిన్ను, లేదా దాని తొడుగు ముక్క, వెనక గుచ్చే ఉందేమో. స్పీకర్లు మూగబోవడానికి నేను చూసినవాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు ఎదురైన కారణం అదే. టచ్ అనే సెట్టింగ్ ఫిక్స్‌డ్‌లో ఉందేమో. అలా ఉంటే ఎలా నొక్కినా ఒకటే శబ్దం. లోకల్ కంట్రోల్ ఆఫ్‌లో ఉందేమో. ఈ చివరిదాని వల్ల దీపాలు వెలుగుతుంటాయి, మెట్లు మాత్రం పలకవు. అడాప్టరు పోతే చేతికందిన ఇంకో అడాప్టరు పెట్టకండి. వోల్టేజీ ఒకటే అయినా పిన్ను లోపలి ప్లస్, మైనస్ తారుమారైతే బోర్డు కాలిపోతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పండి. మన ఇళ్ళలో బల్లులకీ చీమలకీ వెచ్చటి సర్క్యూట్ బోర్డులంటే మహా ఇష్టం.

మరి ఆ పాపకి ఇంట్లో ఎందుకు పలికింది? కొంచెం ఖరీదైన డిజిటల్ పియానోల్లో రెండు కాదు, మూడు బిళ్ళలుంటాయి. మూడోదాని వల్ల మెట్టు పూర్తిగా పైకి రాకుండానే మళ్ళీ పలుకుతుంది. ఎరార్ మీట చేసిన పనినే ఇది ఇంకో దారిలో చేస్తుంది. వాళ్ళది అలాంటిది. విడుపు క్షణం వేలికి తెలియాలని కొన్నిట్లో మెట్టు అడుగు దగ్గర చిన్న అడ్డు తగిలినట్టు కూడా పెడతారు. ఇంట్లో డిజిటల్ మీద సాధన చేసి, గ్రేడ్ పరీక్ష అప్‌రైట్ మీద రాయబోయే పిల్లలకి కనీసం నెల ముందు నుంచి వారానికొక గంట ఏదో ఒక తీగల పియానో దొరికేలా చూడండి. వేలు పూర్తిగా లేపడం, మెట్టుకీ మెట్టుకీ ఉండే చిన్న తేడాలకి వేలిని సర్దుకోవడం అక్కడే అలవడుతుంది.

ఈ రెండిటికీ మధ్య ఎలక్ట్రిక్ పియానో ఒకటి ఉంది. డిజిటల్‌నే చాలామంది ఆ పేరుతో పిలుస్తారు గానీ అది వేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో హెరాల్డ్ రోడ్స్ అనే పియానో గురువు, మంచం దిగలేని గాయపడ్డ సైనికుల కోసం బాంబర్ విమానాల అల్యూమినియం గొట్టాలతో ఒడిలో పెట్టుకునే చిన్న పియానో చేశాడు. ఆ ఆలోచనే పెరిగి రోడ్స్ పియానో అయింది. ఇందులో సుత్తి కొట్టేది ఒక ఉక్కు పుల్లని, దాని పక్కనున్న అయస్కాంతపు పికప్ ఆ కదలికని విద్యుత్తుగా మారుస్తుంది. వుర్లిట్జర్ అనే ఇంకో ఎలక్ట్రిక్ పియానోలో ఉక్కు పుల్లకి బదులు ఉక్కు రేకు. పుల్ల విరగడం, సుత్తి చివరి రబ్బరుకి గాడి పడడం, పికప్ దూరం జరిగి ఒక స్వరం బొంగురుపోవడం వీటి జబ్బులు. ఇవి దొరికితే దాచుకోవలసిన వస్తువులు. మరమ్మతు తెలిసినవాళ్ళు మన దగ్గర అరుదు కాబట్టి, మొదటి పియానోగా మాత్రం కొనమని చెప్పను.

చివరగా, పియానో స్టూలు కిందో, డిజిటల్ అయితే స్టాండు మీదో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ట్యూనర్‌కి ఫోన్ చేసి "పియానో బాలేదండీ" అంటే ఆయనకి ఏమీ అర్థం కాదు. వచ్చిన రోజు వాన లేకపోతే బిగుసుకున్న మెట్టు ఆయన ముందు బుద్ధిగా ఆడుతుంది కూడా. తడబాటు వచ్చిన ప్రతిసారీ ఏ స్వరం, ఏ నెల, తేమ మీటరు ఎంత చూపించింది, మెట్టు ఎలా ఉంది, సుత్తి ఎలా ఉంది అని ఒక్క వరస రాయండి. నా పుస్తకంలో ఒక వరస ఇలా ఉంది: "మధ్య సి పైన జి. జులై రెండో వారం. 78 శాతం. మెట్టు లేస్తోంది, సుత్తి నెమ్మది. పక్కనున్న ఎఫ్ బాగానే ఉంది." ఇలాంటి వరసలు నాలుగు చూపిస్తే ట్యూనర్ గారు సంచి దించకముందే పిన్నుల డబ్బా పైకి తీస్తారు. ఆయన పని చేస్తున్నంతసేపూ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోకుండా పక్కన కూర్చోండి. పిల్లల్నీ కూర్చోబెట్టి, టార్చి వాళ్ళ చేతికివ్వండి.